మామ్మ చాదు, అత్త సబ్బు

మా ఇంట్లో కిరాణా చీటీ ఎప్పుడూ అరచేయంత ఉండేది. నెల మొదట్లో నాన్న రాసేవారు. ఉప్పు, పంచదార, టీపొడి, ఇంగువ, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, నీలిమందు, బట్టల సబ్బు. పండగ నెలైతే ఇంకో రెండు మూడు. ఇంట్లో మనుషులకేం కొదవ లేదు. తాతయ్య, మామ్మ, మేము, చిన్నాన్న వాళ్ళు, అప్పుడప్పుడూ పుట్టింటికొచ్చే మేనత్త, ఆవిడ పిల్లలు. మనుషులు పెరిగినా చీటీ మాత్రం పెరిగేది కాదు.

మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర కాలువ పక్క ఊరు. ఇప్పుడు ఎనభైల చివర, తొంభైల మొదట్లో సంగతులు చెబుతున్నాను. తలకి రాసుకునేది, ఒంటికి రుద్దుకునేది, నుదుట పెట్టుకునేది, పళ్ళు తోముకునేది, గిన్నెలు తోమేది అన్నీ ఇంట్లోనే తయారయ్యేవి. ఇప్పుడు ఇలాంటివి వింటే అందరూ "ఎంత నేచురల్‌గా బతికారండీ" అంటారు. అలా ఎవరూ అనుకుని చేయలేదు. దొడ్డి నిండా కొబ్బరి, గాదె నిండా ధాన్యం, చేతిలో మాత్రం డబ్బుల్లేవు. పంట వచ్చినప్పుడే డబ్బు కనపడేది. అందుకని కొబ్బరిలోనూ వరిలోనూ పారేసేదంటూ ఉండేది కాదు.

కొబ్బరి డొక్కలు పొయ్యిలోకి, పీచు గిన్నెలు తోమడానికి, ఈనెలు చీపురుకి, చిప్ప నిప్పులకి. అన్నం వార్చిన గంజి ఎన్నిటికో. కొంత నాన్న పంచెలకి, అమ్మ నూలు చీరలకి. అందులో ఒక్క చుక్క నీలిమందు. కొంత తలంటుకి. మిగిలింది కుడితిలోకి, గేదెకి. ఇత్తడి సామాను తోమడానికి పులుసు పిండేసిన చింతపండు పిప్పి, పొయ్యి బూడిద. చింతపండులో పులుపు చిలుం వదలగొడుతుంది, బూడిద రుద్దుతుంది. ఇప్పుడు నేను కొంటున్న తెల్లపొడి డబ్బా వెనక చదివితే అందులోనూ ఏదో ఒక పులుపు, ఏదో ఒక రాపిడి పొడి. అంతకంటే ఏమీ లేదు.

ఆదివారం తలంటు. పొద్దున్నే నూతి గట్టు దగ్గర రాగి కాగు పొయ్యిమీద ఎక్కేది. మామ్మ కుంకుడుకాయలు చితక్కొడుతుంటే గింజలు ఏరడం పిల్లల పని. నల్లగా నున్నగా ఉన్న గింజలు మాకు అచ్చనగాయల ఆటకి. తొక్కల్ని వేడినీళ్ళలో నానేసి, చేత్తో పిసికి పిసికి నురగ తీసి, గుడ్డలో వడకట్టి, గోరువెచ్చని గంజి కలిపేది. గంజి కలిపితే జుట్టు పీచు కట్టదని. ఆడపిల్లలకి చివర్లో మందారాకు నలిపిన జిగురు.

ముందు మాడుకి ఆముదం. ఆ వాసన మరో రెండు రోజులకు గానీ వదలదు. తర్వాత పీట మీద కూలబడితే మామ్మ మోకాళ్ళ మధ్య బుర్ర ఇరుక్కుపోయేది. నాలిక మీద కల్లుప్పు పలుకు పెట్టి, "ఒసేయ్ పిల్లా, నోరు మూసుకుని చప్పరించు, కళ్ళు మండవు" అనేది. మండేవి. బ్రహ్మాండంగా మండేవి. ఉప్పుకీ కంటికీ సంబంధమేమిటో నాకిప్పటికీ అంతుబట్టలేదు గానీ, నోట్లో ఉప్పున్నప్పుడు నోరు తెరిచి ఏడవలేం. అందుకే పెట్టేవారేమోనని నా అనుమానం. ఆ తలంటు నీళ్ళు చేపల గుంటలోకి పోకుండా తాతయ్య మట్టితో చిన్న గట్టు వేసేవారు. కుంకుడులో నురగనిచ్చే సాపొనిన్లు చేపలకి విషమని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. తాతయ్యకి సాపొనిన్లు తెలియవు, చేపలు తేలడం తెలుసు.

తలారాక వెదురుగంప బోర్లించి, కింద నిప్పుల మీద సాంబ్రాణి. గంప మీద జుట్టు పరుచుకుని పడుకుంటే అక్కడే నిద్ర పట్టేసేది.

నలుగు పిండి పని దీపావళికి ముందొకసారి, భోగికి ముందొకసారి. పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, పసుపు కొమ్ములు, కచ్చూరాల దుంపలు, బావంచాల గింజలు, ఎండిన నారింజ తొక్కలు, దేవుడి దగ్గర వాడిపోయిన గులాబీ రేకులు. ఇవన్నీ మేడ మీద ఎండబెట్టి, తిరగల్లో విసిరి, పల్చటి గుడ్డలో జల్లించేవారు. తిరగలి ఒకవైపు అమ్మ, ఒకవైపు పిన్ని. విసురుతూ ఊళ్ళో సంగతులన్నీ కూడా పిండి చేసేవారు. మేం దగ్గరికెళితే మాటలు ఆగిపోయేవి, తిరగలి మాత్రం తిరిగేది.

బావంచాల దగ్గర మామ్మ ఖచ్చితంగా ఉండేది. "చిటికెడు చాలు, ఎక్కువైతే ఎండకి ఒళ్ళు కాలుద్ది" అనేది. ఆ మాటకి గట్టి కారణమే ఉంది. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. బొల్లి మచ్చల వైద్యంలో ఆ గుణాన్నే మందుగా వాడతారు. నేనిప్పటికీ ఇంట్లో నలుగు పిండి చేసుకుంటాను గానీ బావంచాలు వేయను. మామ్మ చిటికెడు నా చిటికెడు ఒకటే అవుతుందన్న నమ్మకం నాకు లేదు.

పళ్ళపొడి గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఊక కాల్చి, ఆ బూడిదలో ఉప్పు, లవంగాలు వేసి నూరేవారు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసకలో ఉండేదే. పళ్ళు మిలమిలా మెరిసేవి, ఆ మెరుపుతోపాటు పైపొర కూడా పోయేది. తాతయ్యకి అరవై దాటేసరికి ముందుపళ్ళు సగం అరిగి, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనేవి. "మా కాలంలో పళ్ళ డాక్టర్లు లేరు" అని అంటుంటారు చూడండి, వాళ్ళు లేకే అలా ఉండేది.

అన్నిట్లోకీ నాకు బాగా గుర్తుండిపోయింది చాదు. నల్లటి బొట్టు. పసిపిల్లలకి నుదుట, బుగ్గన, అరికాల్లో పెట్టేది. మా మామ్మ చేసే చాదు కోసం చుట్టుపక్కల ఇళ్ళలో పురిటి పిల్లలుంటే కబురొచ్చేది. దానికి కావలసింది సగ్గుబియ్యం ఒక్కటే. మెట్టలో పెద్దాపురం వైపు కర్రపెండలం పండేది, సామర్లకోటలో సగ్గుబియ్యం మిల్లులుండేవి. అటు వెళ్ళినవాళ్ళు ఎవరో ఒకరు ఓ పొట్లం తెచ్చేవారు. సగం పాయసానికి పోయేది, సగం మామ్మ దాచేది.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక పొయ్యి మీద ఇనప మూకుడు పెట్టేది. సన్నటి సెగ మీద సగ్గుబియ్యం గరిటతో తిప్పుతూనే ఉండాలి. ముందు గింజలు టపటపమంటూ పొంగేవి, తెల్లవి గోధుమరంగుకి వచ్చేవి, కమ్మటి వాసన వచ్చేది. ఆ వాసనకి మేం లేచి వచ్చేవాళ్ళం, తినడానికేదో చేస్తోందని. అక్కడితో ఆగదు. ఇంకా వేపుతూ ఉంటే గింజ కరిగి ముద్దవుతుంది, అంటుకుంటుంది, పొగ లేస్తుంది, బొగ్గు రంగు తిరుగుతుంది. అప్పుడే ముంతతో నీళ్ళు పోసేది. ఒక్కసారిగా బుస్సుమని ఆవిరి వంటగది దూలాల దాకా ఎగిరేది. మామ్మ వెనక్కి జరిగేది కాదు, మొహం మాత్రం పక్కకి తిప్పుకునేది. ఆ నల్లటి నీళ్ళు ఉడికి ఉడికి చిక్కబడ్డాక, గుడ్డలో వడకట్టి, లోపల బాగా గీకి నున్నగా చేసిన కొబ్బరిచిప్పలో పోసేది. పైన పల్చటి గుడ్డ కట్టి ఎండలో పెడితే కొన్నాళ్ళకి గట్టిపడి, అంచుల దగ్గర పగుళ్ళిచ్చి, నల్లటి అద్దంలా మెరిసేది.

పెట్టేటప్పుడు ఒక్క నీటిచుక్క వేసి ఉంగరపు వేలితో గుండ్రంగా రుద్దాలి. రుద్దగా రుద్దగా వేలికి జిగురుగా అంటుతుంది. పిల్లాడి గడ్డం రెండో చేత్తో పట్టుకుని నుదుట వేలు ఆనించి తీసేది, ఒక్కసారే. రెండోసారి దిద్దితే గుండ్రం చెడిపోతుందట. ఒక చిప్ప చాదు ఓ బిడ్డకి నడకలొచ్చేదాకా వచ్చేది. అది అయిపోయేలోపు ఆ ఇంట్లో ఇంకో బిడ్డ తయారయ్యేది, అదీ ఆ రోజుల్లో మామూలే.

కాటుక కూడా మామ్మే పట్టేది. నందివర్ధనం పూల రసంలో గుడ్డ తడిపి నీడన ఆరేసి, దాన్ని వత్తి చేసి, ఆముదం దీపం పెట్టి, ఇటుకల మీద రాగి పళ్ళెం బోర్లించేది. తెల్లారేసరికి పళ్ళెం అడుగున మసి. దాన్ని తాటాకు ముక్కతో గీకి, వెన్నపూసతో నూరి భరిణెలో పెట్టేది. నాకది పెట్టించుకోవడం ఇష్టం, చూడ్డానికి పెద్ద కళ్ళొచ్చేవి. మా పాపకి మాత్రం పెట్టలేదు. పసిపిల్లల కళ్ళలో కాటుక పెట్టొద్దని కంటి డాక్టర్లు చెబుతారు, వేలితో పెట్టే ఏదైనా ఇన్‌ఫెక్షన్ తెస్తుందని. ఆ మాట మీద అమ్మకీ నాకూ చిన్న యుద్ధం జరిగింది. చివరికి అరికాలి దగ్గర రాజీ పడ్డాం.

ఇన్ని చేసే మామ్మ ట్రంకుపెట్టెలో ఏముండేదో తెలుసా? పట్టుచీర మడతల మధ్య ఒక మైసూర్ శాండల్ సబ్బు. అట్టపెట్టె కూడా విప్పని సబ్బు. పెట్టె తెరిస్తే గదంతా గంధం వాసన. పెళ్ళివారో, పట్నం చుట్టాలో వస్తే నూతి గట్టు మీద సబ్బుపెట్టెలో అది ప్రత్యక్షమయ్యేది. వాళ్ళు వెళ్ళిపోగానే అరిగిపోయిన సబ్బుని తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ లోపల. "మనకి నలుగు లేదేంటి, మనకెందుకే సబ్బు" అనేది. కానీ నలుగు పిండిని చుట్టాలకి ఎప్పుడూ పెట్టలేదు. అది ఇంటివాళ్ళకి. కొన్న సబ్బు మర్యాదకి. ఇప్పుడు సరిగ్గా తిరగబడింది. మా అపార్ట్‌మెంటులో ఎవరింటికైనా వెళితే చేత్తో చేసిన సబ్బు రిబ్బను కట్టి చేతిలో పెడుతున్నారు. మామ్మ చూస్తే ఇదేం పిసినారితనం అనుకునేది.

మా పిన్నిది పాలకొల్లు. పెళ్ళై వచ్చేటప్పుడే ఆవిడ తనతో పాటు పేపర్లోంచి కత్తిరించిన కాగితాల ఫైలు తెచ్చుకుంది. అందాల చిట్కాలు, వంటలు, మరకలు పోగొట్టడం. ఇవి చాలక మధ్యాహ్నం విజయవాడ రేడియోలో స్త్రీల కార్యక్రమం. మామ్మవి తరతరాల పద్ధతులు. పిన్నివి ఆ వారం పద్ధతులు. బొప్పాయి గుజ్జు, మీగడలో శనగపిండి, కీరదోస చక్రాలు కళ్ళ మీద. ఆవిడ మొహం మీద ఏదో ఒకటి ఆరుతూ ఉండగా ఎవరో ఒకరు రావడం, "లోపలున్నారండీ?" అనడం, పిన్ని నవ్వలేక పెదాలు కదపకుండా "ఆయ్, కూర్చోండి" అనడం.

అలా ఒకసారి నిమ్మకాయ చెక్క మొహానికి రుద్దుకుని, అది ఆరక ముందే కళ్ళంలోకి అన్నాలు తీసుకెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. రెండో రోజుకి బుగ్గ మీదా మెడ మీదా ఎర్రగా వాతలు, తర్వాత నల్లటి మచ్చలు, పోవడానికి నెలలు పట్టింది. నిమ్మ జాతి పళ్ళలోనూ బావంచాల్లో ఉన్న కుటుంబానికి చెందిన పదార్థాలే ఉంటాయి, ఎండతో కలిస్తే అవీ అదే పని చేస్తాయి. మామ్మ బావంచాల గురించి చెప్పిన మాట పిన్నికి తెలుసు, నిమ్మకాయ గురించి పేపరువాళ్ళు చెప్పలేదు. ఇప్పటికీ ఫోనుల్లో నిమ్మరసం రాసుకోమనే వీడియోలు వస్తున్నాయి, ఎండలోకి వెళ్ళొద్దనే ముక్క మాత్రం ఉండదు.

పిన్ని పూతరేకుల కథ చిన్నది. ఆత్రేయపురం నుంచి కుండ తెప్పించుకుంది, మూతి పక్కకుండే ప్రత్యేకం కుండ. బోర్లించి లోపల ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ వీపు మీద లాగాలి. లాగిన క్షణంలో రేకు వచ్చేయాలి. పిన్నికి గుడ్డ వచ్చింది, రేకు రాలేదు. వచ్చినవన్నీ తునకలే. ఆ తునకలు పాలల్లో పంచదారతో వేసుకుని ఇంటిల్లిపాదీ తిన్నాం. అవి మాత్రం అద్భుతం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే అది ఆ ఊరి సరుకేనన్న ముద్ర, వచ్చిందని పేపర్లో చూసి పిన్నికి ఫోన్ చేస్తే, "ఇప్పుడు గవర్నమెంటే ఒప్పుకుంది కదే, అది ఆ ఊళ్ళోనే వస్తుందని" అంది.

ఇక తుఫాను సంగతి. 1996 నవంబరు 6 రాత్రి. కోనసీమలో అప్పటికి ఊహ తెలిసినవాళ్ళెవరినైనా అడగండి, ఆ రాత్రి తను ఎక్కడ కూర్చున్నాడో చెబుతాడు. మేం మండువాలో ఓ మూల దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. బయట చెట్టు పడినప్పుడల్లా నేల అదిరేది, తాతయ్య ఏ వైపు చెట్టో చెబుతూ ఉండేవారు. కొంతసేపటికి చెప్పడం మానేశారు. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో, వేటకెళ్ళినవాళ్ళలో ఎంతమంది పోయారో తర్వాత రోజుల్లో వింటూ ఉంటే మా నష్టం గురించి మాట్లాడటానికి నోరొచ్చేది కాదు. అయినా నష్టం నష్టమే. లక్షల చెట్లు పోయాయి. వేళ్ళతో లేచినవి కొన్ని, నడుముకి విరిగినవి కొన్ని. నిలబడ్డవాటిలో మొవ్వు మెలితిరిగినవి కొన్నాళ్ళకి ఎండిపోయాయి. కొత్త మొక్క పెడితే ఆరేడేళ్ళకి గానీ గెల వేయదు.

దొడ్డంతా కాయలు. దింపు తీసేవాళ్ళతో పనే లేదు, కాలు పెడితే కాయ. రోడ్ల మీద చెట్లు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి వెళ్ళే దారి లేదు. దారి వచ్చాక ధర లేదు, అందరి దగ్గరా అవే కాయలు కదా. లేతవి తాగినన్ని తాగాం, మిగతావి గేదెలకి. ముదురు కాయల్ని ఏం చేయాలి? మామూలుగా అయితే చెక్కలు ఎండబెట్టి గానుగకి పంపేవాళ్ళం. ఎండ లేదు. తడి కొబ్బరి రెండు రోజుల్లో బూజు పట్టేది. కరెంటు స్తంభాలు పడిపోయాయి, మిల్లు లేదు.

"పాలు తీసి కాచేద్దాం" అంది మామ్మ.

ఆ పని ఇంట్లో అంతకుముందు పురిటి పిల్లల ఒంటికి రాసే నూనె కోసం ఏడాదికోసారి, అదీ నాలుగు కాయలతో చేసేవారు. ఇప్పుడు కాయలు రాశిగా కనబడుతున్నాయి. తాతయ్య, నాన్న గునపం మీద ఒలవడం, అమ్మ, పిన్ని కోరాం మీద కూర్చోవడం, పిల్లలం కోరు మోసి రుబ్బురోలు దగ్గర పోయడం. గోరువెచ్చని నీళ్ళు పోసి పిండిన పాలు గుండిగల్లో రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి పైన మీగడ తేరేది. ఆ మీగడ తీసి పెద్ద మూకుట్లో కాచాలి. పన్నెండు కాయలు కోరినా లీటరు నూనె రావడం కష్టం. అది చూస్తూ నాన్న, "దీనికంటే కాయలు పాతిపెట్టడం నయం" అన్నారు. మామ్మ పలకలేదు. నూనె చిటపటలాడినంతసేపూ నీరున్నట్టు, చప్పుడు ఆగిపోతే అయిపోయినట్టు. ఆవిడ చెవి పొయ్యి వైపే ఉండేది.

అడుగున ఎర్రగా వేగిన పొట్టు మిగిలేది. బెల్లం ముక్కతో కలిపి వేడివేడిగా తింటే! తుఫాను కూడు అని పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే మేం మూకుడు గీకడానికి కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉండదు, ఆకలిగా ఉంటుంది.

అయితే వానల్లో, తడి కట్టెలతో, హడావిడిగా కాచిన నూనె. కొన్ని కాపుల్లో నీరు పూర్తిగా పోలేదు. సంక్రాంతి వచ్చేసరికి రెండు డబ్బాలు వాసన పట్టాయి. కూరకి పనికిరాదు, తలకి రాస్తే పక్కవాళ్ళు లేచిపోతారు. పారబోద్దామంటే మామ్మ ఒప్పుకోదు. సరిగ్గా అప్పుడు మేనత్త వచ్చింది.

అత్తవాళ్ళది అంతర్వేది వైపు, సముద్రానికి దగ్గర. రెండు బస్సులు మారి రావాలి. వాళ్ళ డ్వాక్రా గ్రూపులో సబ్బుల తయారీ నేర్పించారు. సగం రోజు శిక్షణ, ఓ కాగితం. ఆ కాగితం చీర కొంగున కట్టుకుని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చింది. నూనె వాసన చూసి, "వదినా, ఇది సబ్బుకి బంగారం" అంది అమ్మతో.

కాస్టిక్ సోడా అమలాపురంలో కొన్నారు. కిలో కొబ్బరినూనెకి 180 గ్రాములు, అంతకు మించకూడదని అత్త లెక్క. మించితే ఒళ్ళు కాలుస్తుంది. కిరాణా కొట్టునుంచి త్రాసు, రాళ్ళు అరువు తెచ్చారు. సోడాని నీళ్ళలో వేయాలి గానీ సోడా మీద నీళ్ళు పోయకూడదు, పోస్తే చిమ్ముతుంది. పిల్లలందరినీ అరుగు మీదకి తోలేసి, నన్నొక్కదాన్నీ ఉండనిచ్చింది, ఇంటర్ చదువుతున్నానని. కళ్ళకి ఏదైనా పెట్టుకోవాలని శిక్షణలో చెప్పారట. ఇంట్లో ఉన్నవి తాతయ్య శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్ల కళ్ళజోడు. అత్త అది పెట్టుకుని, ముక్కుకి కొంగు చుట్టుకుని, ప్లాస్టిక్ బకెట్ ముందు కూర్చుంటే గేదె కూడా బెదిరింది. కాస్టిక్ పలుకులు పడగానే చల్లటి నీళ్ళు పొగలు కక్కాయి. పొయ్యి లేదు, మంట లేదు, బకెట్ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

పిన్ని సాయం చేద్దామని కొంచెం ఆ నీళ్ళు సత్తు గిన్నెలోకి వంచింది. వెంటనే గిన్నె బుసబుసలాడి నల్లబడింది. అత్త అరుపు వీధిలోకి వినపడింది. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వస్తుంది. మా కెమిస్ట్రీ పుస్తకంలో ఉన్న సమీకరణం నాకు అప్పుడు అర్థమైంది, గిన్నెకి పడ్డ చిల్లుతో సహా.

చల్లారాక నూనెలో సన్నటి ధారగా పోస్తూ తెడ్డుతో తిప్పడం మొదలుపెట్టారు. ఎంతకీ చిక్కబడదు. చేతులు మార్చుకుంటూ తిప్పారు. తెడ్డు ఎత్తి జార్చితే పైన గీత నిలబడాలి, అదీ గుర్తు. ఈలోగా మామ్మకి ఏమనిపించిందో, శుభమని గుప్పెడు పసుపు తెచ్చి అందులో వేసేసింది. పసుపు పడ్డ చోటల్లా ఎర్రగా, పారాణి రంగు! అత్త గుండె ఆగిపోయింది, కాగితంలో అది రాయలేదు. మామ్మ మాత్రం చలించలేదు. "పారాణికి పసుపులో సున్నం కలపట్లేదా? ఇదీ అలాంటిదే ఏదో" అంది. అంతే. పసుపు ఏ క్షారంతో కలిసినా ఎర్రబడుతుంది. సున్నమైనా కాస్టిక్కైనా ఒకటే. ఆవిడ బడికి వెళ్ళలేదు.

చెక్కపెట్టెలో అరటాకులు పరిచి పోశారు. మర్నాడు గట్టిపడక ముందే కత్తితో బిళ్ళలు కోసి, అటక మీద తాటాకు చాప పరిచి నెలరోజులు ఆరబెట్టారు. ఎరుపు తగ్గి ఇటుకరంగు మిగిలింది. అత్త మళ్ళీ వచ్చి ఒక బిళ్ళని నాలిక కొసతో తాకి చూసింది. చురుక్కుమంటే కాస్టిక్ మిగిలిపోయినట్టు. చురుక్కుమనలేదు, కానీ మొహం చూస్తే రుచి ఎలా ఉందో తెలిసింది.

నురగ మాత్రం బ్రహ్మాండం. చేతిలో తిప్పగానే మోచేతుల దాకా. కాకపోతే ఉత్త కొబ్బరినూనె సబ్బు ఒంటి జిడ్డంతా లాగేస్తుంది. స్నానం చేసి వస్తే కాళ్ళు తెల్లగా బీటలు. మళ్ళీ కొబ్బరినూనె రాసుకోవాలి. నూనెతో చేసిన సబ్బు రుద్దుకుని మళ్ళీ నూనె రాసుకోవడం ఏమిటని నాన్న వేళాకోళం.

కానీ అత్త ఊళ్ళో ఆ సబ్బుకి వేరే విలువ ఉంది. మా ఊరు కాలువ పక్కన కాబట్టి నూతి నీళ్ళు తియ్యగా ఉండేవి. వాళ్ళవి ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో మామూలు సబ్బు విరిగిపోయి తెల్లటి తెట్టు కడుతుంది, ఎంత రుద్దినా నురగ రాదు. అత్త పెళ్ళైన కొత్తలో అక్కడ తలంటుకోలేక ఏడ్చేదని అమ్మ చెప్పేది. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం వల్ల ఆ సబ్బు ఉప్పునీళ్ళలోనూ కరుగుతుంది, నురగనిస్తుంది. పూర్వం ఓడల్లో సముద్రపు నీళ్ళతో స్నానం చేసేవాళ్ళు వాడింది ఆ సబ్బే. అత్త సగానికి పైగా బిళ్ళలు సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళిపోయింది. వాళ్ళ గ్రూపు ఆడవాళ్ళు అలా ఇంకొన్ని విడతలు సబ్బు చేసి సంతలో అమ్మారు కూడా.

అది ఎక్కువకాలం నిలవలేదు. తుఫాను కాయలు అయిపోయాయి. బతికిన చెట్లు తక్కువ కాబట్టి కాయకి ధర వచ్చింది, నూనెకీ ధర వచ్చింది. కొన్న నూనెతో చేస్తే బిళ్ళ ఖరీదు కొట్లో సబ్బు కంటే ఎక్కువైంది. వాసన లేని, ఇటుకరంగు సబ్బుకి ఎక్కువ డబ్బులు ఎవరిస్తారు? గ్రూపువాళ్ళు అప్పడాలకీ పచ్చళ్ళకీ మళ్ళారు. అవైతే కాస్టిక్ టెన్షన్ లేదు, లాభం కూడా ఉంది. ఈ మధ్య "ఆ రోజుల్లో అన్నీ ఇంట్లో చేసుకునేవాళ్ళం, ఇప్పుడు బద్ధకం" అనే మాట వింటే నాకు చిరాకేస్తుంది. బద్ధకం కాదు. ఆ పనులన్నీ ఆడవాళ్ళ కూలీ లెక్కేయకపోతేనే చవక. అమ్మ భుజం నొప్పి తిరగలి దగ్గర మొదలైంది, చివరిదాకా పోలేదు.

ఇప్పుడు హైదరాబాదులో నా దగ్గర కుంకుడుకాయలు ఉంటాయి. పట్టుచీరలకీ బంగారానికీ వాటిని మించింది లేదు. తలకి షాంపూయే. గంజి పోసుకోమని మా అమ్మాయి నాకు చెబుతోంది, కొరియావాళ్ళ బియ్యం నీళ్ళ రహస్యమట, బుల్లి సీసా నాలుగొందలు. అన్నం వార్చి చూపించాను. కుక్కర్లో పెరిగిన పిల్ల, గంజి అంటే ఏమిటో అప్పుడే చూసింది.

పోయిన నెలలో సబ్బు చేస్తానంది. సామాను అంతా ఆన్‌లైన్లో తెప్పించింది. సిలికాన్ అచ్చులు, గ్రాము కూడా తేడా రాని ఎలక్ట్రానిక్ త్రాసు, లావెండర్ నూనె. అత్తకి వీడియో కాల్ చేశాం. డెబ్బై దగ్గర పడుతోంది ఆవిడకి. వాళ్ళింటికి ఇప్పుడు కుళాయి వచ్చింది, అయినా పెరట్లో బోరు ఉప్పుదే. సామాను అంతా ఒక్కొక్కటే చూపించమంది. అచ్చులు చూసి నవ్వింది. త్రాసు చూసి మెచ్చుకుంది. లావెండర్ దగ్గర ఏమీ అనలేదు.

"నూనె ఏదే?"

"ఆలివ్, కొబ్బరి కలిపి అమ్మమ్మా."

"కొబ్బరొక్కదానితో చేయకు, ఒళ్ళు పగులుద్ది. గిన్నె?"

"స్టీలు."

"ఆ, సత్తు కాదుగా. కళ్ళజోడు?"

అమ్మాయి ల్యాబ్‌లో వాడే గాగుల్స్ పెట్టుకుని చూపించింది. అత్త కాసేపు పరీక్షగా చూసి, "తాతయ్యవే నయం, ఇవి బొత్తిగా తెల్లగా ఉన్నాయి" అంది. తర్వాత నా వైపు తిరిగి, పసుపు డబ్బా ఎక్కడుందో ముందు దాచేయమంది.